నొప్పి తగ్గిన రోజున మొదలుపెట్టాల్సిన పని

సికింద్రాబాద్‌లో లష్కర్ బోనాలు ముగిసిన సోమవారం రాత్రి. పొద్దున రంగంలో భవిష్యవాణి వినొచ్చి, మధ్యాహ్నం బంధువులందరికీ భోజనాలు పెట్టి, చిలకలగూడలోని మా మేనమామ ఇంట్లో ఎక్కడివాళ్లం అక్కడే పడుకున్నాం. రెండు దాటాక మామ మూలుగు విని లేచాను. "ఆ దుప్పటి తియ్యి అల్లుడా, వేలికి తాకుతుంది" అన్నాడు. తీశాను. తర్వాత ఫ్యాను ఆపమన్నాడు. గాలి తగిలినా ఓర్చుకోలేకపోతున్నాడు. లైటు వేసి చూస్తే ఎడమకాలి బొటనవేలి మొదట్లో కీలు ఎర్రగా వాచి, చర్మం సాగి నిగనిగలాడుతోంది. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఏళ్లు ఇనుముతో పనిచేసిన మనిషి. కాలిమీద సామాను పడ్డ రోజున కూడా సెలవు పెట్టలేదని అత్తమ్మ చెబుతుంది. అలాంటి మనిషి కళ్లలో నీళ్లు.

తెల్లారగానే మందుల షాపుకు వెళ్లింది నేనే. "బాగా వాచింది, నొప్పికి గట్టి గోలీ ఇయ్యండి" అని అడిగిందీ నేనే. ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసిన గోలీలు ఇచ్చారు. మూడు రోజుల్లో వాపు దిగింది. నాలుగో రోజు మామ చెప్పులేసుకుని మోండా మార్కెట్‌కు వెళ్లి కూరగాయలు తెచ్చాడు. జబ్బు పోయిందనుకున్నాం. ఆ తర్వాత అయిదు నెలల్లో ఆ వేలు మరో మూడుసార్లు వాచింది, ఒకసారి చీలమండ కూడా. ప్రతిసారీ అదే స్ట్రిప్పు. ఖాళీ స్ట్రిప్పును కత్తిరించి జేబులో పెట్టుకునేవాడు, పేరు మర్చిపోకుండా.

మామకు పదిహేనేళ్లుగా షుగరు, బీపీ. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.8 ఉందని రెండేళ్ల కిందటే తెలుసు. "కొంచెం ఎక్కువుంది" అనే మాటతో ఆ కాగితం ఫైల్లోకి వెళ్లిపోయింది. ఆరో నెల పరీక్షలో అది 2.9కి చేరింది. కిడ్నీ డాక్టరు గారు కాగితాలన్నీ తిరగేసి ఒక్కటే అడిగారు: "మధ్యలో నొప్పికి ఏమేం వేసుకున్నారు?" మామ జేబులోంచి ఆ ముక్క తీసి బల్లమీద పెట్టాడు. ఆ క్షణం నాకు ఇప్పటికీ గుర్తుంది. అది తెచ్చిచ్చిన చెయ్యి నాది.

మామ వేలికి వచ్చింది గౌట్ అనే కీళ్ల జబ్బు. ఒకే ఒంట్లో గౌటూ, కిడ్నీ జబ్బూ రెండూ ఉన్న ఇళ్లకోసం ఈ అధ్యాయం రాస్తున్నాను. అలాంటి ఇళ్లు మీరనుకునేకంటే ఎక్కువ. మేం ఆలస్యంగా నేర్చుకున్న సంగతి ఇది: నొప్పి పోగొట్టడం ఒక పని, జబ్బును అదుపులో పెట్టడం వేరే పని. మొదటిది ముగిసిన రోజున రెండోది మొదలవ్వాలి. మేము సరిగ్గా ఆ రోజునే అన్నీ వదిలేసి మార్కెట్‌కు వెళ్లాం.

ముందు ఒంట్లో ఏం జరుగుతోందో చూద్దాం. చాయ్‌లో చక్కెర కొంతవరకే కరుగుతుంది, మిగిలింది గ్లాసు అడుగున కనిపిస్తుంది. రక్తంలో యూరిక్ యాసిడ్‌దీ అదే తీరు. డెసీలీటరుకు దాదాపు 6.8 మిల్లీగ్రాముల దాకా కరిగి ఉంటుంది. దాటితే సూదుల్లాంటి స్ఫటికాలుగా పేరుకోవడం మొదలుపెడుతుంది. ఒంట్లో చల్లగా ఉండే చోటు దానికి అనువు. గుండెకు దూరంగా ఉన్న కాలివేలు అలాంటి చోటే. ఏళ్ల తరబడి ఆ సూదులు కీలులో నిశ్శబ్దంగా పడి ఉంటాయి. ఏదో ఒక రాత్రి తెల్లరక్తకణాలు వాటిని గుర్తించి మీదపడతాయి. ఆ పోరాటమే మనకు తెలిసే నొప్పి. అది చల్లారినా సూదులు అక్కడే ఉంటాయి. మామ మార్కెట్‌కు వెళ్లిన రోజున కూడా అవి వేలిలోనే ఉన్నాయి.

రోజూ తయారయ్యే యూరిక్ యాసిడ్‌లో సుమారు మూడింట రెండు వంతులు కిడ్నీల ద్వారా, మిగిలింది పేగుల ద్వారా బయటికి పోతుంది. కిడ్నీలు నెమ్మదిస్తే పెద్ద దారి ఇరుకైపోయినట్టే. అందుకే కిడ్నీ జబ్బున్నవాళ్లకు గౌట్ తరచుగా వస్తుంది. "నోరు కట్టుకోలేదు కాబట్టి తెచ్చుకున్నాడు" అని ఇంట్లోవాళ్లు అనే మాట చాలావరకు అన్యాయం. మా అత్తమ్మ కూడా అంది. తర్వాత చాలా బాధపడింది.

ఇక్కడ మన తెలుగువాళ్లు తెలుసుకుని సంతోషించాల్సిన కథ ఒకటుంది. యూరిక్ యాసిడ్ ప్యూరిన్లు అనే పదార్థాలు విరిగినప్పుడు పుడుతుంది. ప్యూరిన్లు మాంసంలోనే కాదు, మన ప్రతి కణంలోనూ ఉంటాయి. కండ కదలడానికి కావలసిన ఇంధనం ఏటీపీలో ఉన్నదీ ప్యూరినే. ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి వేరుచేసి చూపించినవాడు భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. జర్మనీలో కార్ల్ లోమన్ అదే ఏడాది విడిగా కనుగొన్నాడు. సుబ్బారావు, ఫిస్కేలు 1925లో రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కూడా ప్రకటించారు. కిడ్నీ రోగి రిపోర్టులో ఈనాడు కనిపించే ఫాస్ఫరస్ అంకె వెనుక ఆ దారి వేసినవాళ్లు వాళ్లు. అదే ఫిస్కే దగ్గర ప్యూరిన్లను కొలిచే పద్ధతులమీద పనిచేసి 1933లో డాక్టరేట్ తీసుకున్న కుర్రాడు జార్జ్ హిచింగ్స్. ఆయన తర్వాత గెర్‌ట్రూడ్ ఎలియన్‌తో కలిసి ప్యూరిన్ల బాటలోనే ఎన్నో మందులు తయారుచేశాడు. వాటిలో ఒకటి అల్లోప్యూరినాల్. గౌట్‌కు 1966లో అనుమతి పొందింది. హిచింగ్స్, ఎలియన్‌లకు 1988లో నోబెల్ వచ్చింది. సుబ్బారావు 1948లోనే, 53 ఏళ్లకే, పోయాడు. మామ రోజూ వేసుకునే తెల్ల గోలీకి, భీమవరానికి మధ్య ఒక పరిశోధనశాల గది ఉంది. ఈ సంగతి చెప్పినప్పుడు మామ ఆ గోలీని అరచేతిలో పెట్టుకుని కాసేపు చూశాడు.

ఈ కథలో ఉపయోగపడే విషయం కూడా ఉంది. ఒంట్లోని యూరిక్ యాసిడ్‌లో ఎక్కువ భాగం మన సొంత కణాల ప్యూరిన్ల నుంచే వస్తుంది, తిండి వాటా సుమారు మూడో వంతు. ఎంత కఠినంగా పథ్యం చేసినా సాధారణంగా ఒక మిల్లీగ్రాము తగ్గితే గొప్ప. 9.5 ఉన్నవాడు పథ్యంతో 8.5కి వస్తాడు. సూదులు పేరుకునే గీత 6.8. లెక్క మీరే వేసుకోండి.

ఇక దాడి జరిగే రాత్రి సంగతి. నొప్పి గోలీలు కిడ్నీని ఎలా దెబ్బతీస్తాయో తెలిస్తే చెయ్యి దానంతటదే వెనక్కి వస్తుంది. కిడ్నీలోకి రక్తం వెళ్లే సన్న నాళాన్ని తెరిచి ఉంచేవి ప్రోస్టాగ్లాండిన్లు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్, ఇండోమెథాసిన్, ఎటోరికాక్సిబ్ లాంటివన్నీ వాపు తగ్గించడానికి ఆ ప్రోస్టాగ్లాండిన్లనే అణిచేస్తాయి. ఆరోగ్యమైన కిడ్నీ నాలుగు రోజులు తట్టుకుంటుంది. సగం పనిచేస్తున్న కిడ్నీకి వాటి అవసరం మరీ ఎక్కువ. దానికితోడు బీపీకి టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటిదీ, నీరు తీసే గోలీ కూడా వేసుకుంటుంటే మూడు వైపులనుంచీ ఒత్తిడి. మామకు ఆ మూడూ ఉన్నాయి. పేరు తెలియని గోలీకి "ఇది నొప్పి గోలీయేనా, నాకు కిడ్నీ జబ్బుంది" అని కౌంటరు దగ్గరే అడగండి. ఒక్క గోలీ అని సర్దిచెప్పుకోవద్దు. పిర్రకు చేసే ఇంజెక్షన్ కూడా అదే మందు. సూదిగా వేసినంత మాత్రాన కిడ్నీని తప్పించుకుని పోదు.

మరి ఆ రాత్రి ఏం చెయ్యాలి? కాలు దిండుమీద ఎత్తుగా పెట్టి, పలుచని గుడ్డలో చుట్టిన ఐసు పది, పదిహేను నిమిషాల చొప్పున పెడుతుండాలి. షుగరువల్ల కాలు తిమ్మిరిగా ఉండేవాళ్లు ఐసును ఎక్కువసేపు ఉంచకూడదు, చర్మం దెబ్బతిన్నా తెలియదు. రుద్దడం, కాపడం, గట్టిగా కట్టడం వద్దు. నొప్పికి పారాసిటమాల్ డాక్టరు చెప్పిన మోతాదులో వాడుకోవచ్చు. అది వాపును తగ్గించదు, కానీ రాత్రి గడవడానికి సాయపడుతుంది. తెల్లారాక డాక్టరుకు ఫోను చెయ్యాలి. ఆయన ముందు రెండు దారులుంటాయి.

ఒకటి కాల్చిసిన్. మన పొదల్లో ఎరుపు, పసుపు పూలతో మంటలా కనిపించే అడవినాభి దుంపలోనూ, గింజలోనూ ఈ మందు ఉంటుంది. ఆ దుంప తిని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు కాబట్టి పసరుగా ఎవరైనా ఇస్తే తీసుకోకండి. గోలీగా కొలిచి ఇస్తే మంచి మందే. అయితే కిడ్నీ దాన్ని నెమ్మదిగా బయటికి పంపుతుంది కనుక మోతాదు తగ్గాలి. కిడ్నీల వడపోత ఎంతుందో చెప్పే అంకె ఈజీఎఫ్‌ఆర్ 30 కంటే తక్కువుంటే ఒకసారి వాడిన కోర్సు రెండు వారాల్లోపు మళ్లీ వాడకూడదు. డయాలసిస్ కూడా దాన్ని కడిగివేయలేదు. విరేచనాలు మొదలైనా, కండరాలు బలహీనంగా అనిపించినా వెంటనే ఆపి చెప్పాలి. క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్, గుండెకు వాడే డిల్టియాజెమ్, వెరాపమిల్, కిడ్నీ మార్పిడి తర్వాత వాడే సైక్లోస్పోరిన్ దీన్ని ఒంట్లో పేరుకునేలా చేస్తాయి.

రెండోది ప్రెడ్నిసలోన్ లాంటి స్టెరాయిడ్, అయిదు నుంచి పది రోజులు. పేరు వింటే మనవాళ్లు భయపడతారు. కిడ్నీ జబ్బున్నవాళ్లకు గౌట్ దాడిలో ఇది చాలాసార్లు నొప్పి గోలీకంటే క్షేమం. షుగరు మాత్రం పెరుగుతుంది. మామకు రెండో రోజున 320 అయింది. అందుకని ఆ రోజుల్లో వేలు పొడిచి రోజుకు రెండు మూడుసార్లు చూసుకుంటూ, ఇన్సులిన్‌ను డాక్టరు చెప్పినట్టు మార్చుకోవాలి. ఒక్క కీలే వాచితే ఆ కీలులోకే స్టెరాయిడ్ సూది వెయ్యడమూ ఉంది.

జ్వరం, చలి ఉంటే మాత్రం ఇంట్లో ఉండిపోవద్దు. కీలులో చీము పట్టినా చూడ్డానికి ఇలాగే ఉంటుంది, అది గంటల్లో పాడుచేస్తుంది. సూదితో కీలునీరు తీసి సూక్ష్మదర్శినిలో చూస్తే సూదులా, క్రిములా అన్నది తేలుతుంది. ఇంకో సంగతి: దాడి జరుగుతున్నప్పుడు రక్తంలో యూరిక్ యాసిడ్ మామూలుగా కనిపించవచ్చు. "6.1 ఉంది, గౌట్ కాదు" అని ఎవరైనా అంటే నమ్మి ఊరుకోకండి. దాడి తగ్గిన రెండు వారాలకు మళ్లీ చూపించుకోండి.

ఆ రెండు వారాల తర్వాతి రోజులే ఈ అధ్యాయానికి పేరు పెట్టినవి. కాలు నొప్పి లేదు, నడుస్తున్నారు, పనులు చేసుకుంటున్నారు. సరిగ్గా అప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్లి "నా యూరిక్ యాసిడ్‌ను 6 కంటే తక్కువకు తేవాలనుకుంటున్నాను" అనాలి. రాళ్లలా చర్మం కింద గడ్డలు కనిపిస్తుంటే కొందరు డాక్టర్లు 5 కంటే తక్కువ కోరతారు. మామూలుగా ఒక్కసారే దాడి వచ్చినవాళ్లకు ఎప్పటికీ వాడే గోలీ వెంటనే మొదలుపెట్టరు. కిడ్నీ జబ్బు మూడో దశకో, ఆపైకో వెళ్లినవాళ్లకు, అంటే ఈజీఎఫ్‌ఆర్ 60 కంటే తక్కువున్నవాళ్లకు, తొలి దాడి తర్వాతనే మొదలుపెట్టడాన్ని అమెరికా రుమటాలజీ వైద్యుల 2020 మార్గదర్శకాలు సూచించాయి. మామకోసం మేము ఆ మాట తొలి నెలలోనే అడగవలసింది.

అసలు నొప్పే లేని వ్యక్తికి పరీక్షలో యూరిక్ యాసిడ్ ఎక్కువుంటే? గోలీ వేస్తే కిడ్నీ నిలబడుతుందేమో అని చాలాకాలం ఆశపడ్డారు. 2020లో వచ్చిన రెండు పెద్ద అధ్యయనాల్లో అల్లోప్యూరినాల్ కిడ్నీ క్షీణతను ఆపలేదు. అందుకని కాగితంమీద అంకె ఒక్కదానికే గోలీ వాడనక్కర లేదు. మీ ఇంటి పక్కవాళ్లు వాడుతున్నారని మొదలుపెట్టకండి.

గౌట్ ఉన్నవాళ్లకు మొదటి మందు అల్లోప్యూరినాల్. కిడ్నీ జబ్బుంటే 50 మిల్లీగ్రాములతోనో, అంతకన్నా తక్కువతోనో మొదలుపెట్టి, కొన్ని వారాలకోసారి రక్తం చూస్తూ నెమ్మదిగా పెంచుతారు. ఒకప్పుడు కిడ్నీ రోగికి ఈ మందు తక్కువ మోతాదు దాటి ఇవ్వకూడదనే అభిప్రాయం బలంగా ఉండేది. దాంతో గోలీ వేసుకుంటూ కూడా 8, 9 దగ్గరే ఆగిపోయినవాళ్లు ఎందరో. మొదలుపెట్టే మోతాదు తక్కువుండాలన్నది నిజం. ఆ తర్వాత జాగ్రత్తగా చూస్తూ లక్ష్యం దాకా పెంచడం ఇప్పటి పద్ధతి. మీరు ఏడాదిగా 100 వేసుకుంటూ అంకె 8 దగ్గరే ఉంటే, "మోతాదు పెంచొచ్చా సార్?" అని అడగడం మీ హక్కు.

ఈ మందుతో ఒక్క ప్రమాదాన్ని గుండెలమీద రాసుకోవాలి. మొదటి రెండు మూడు నెలల్లో ఒంటిమీద దద్దుర్లు, నోట్లో పుండ్లు, కళ్లు ఎర్రబడటం, జ్వరం, వీటిలో ఏది కనిపించినా ఆ పూటనుంచే గోలీ ఆపి ఆసుపత్రికి వెళ్లాలి. అరుదుగా వచ్చేదే, కానీ వస్తే ప్రాణాంతకం. ఫెబుక్సోస్టాట్ అనే మరో మందు ఉంది. దానిమీద 2018లో వచ్చిన అధ్యయనంలో గుండె మరణాలు ఎక్కువ కనిపించాయి, 2020లో వచ్చిన ఇంకోదాంట్లో కనిపించలేదు. గుండెపోటు చరిత్ర ఉంటే ఆ విషయం డాక్టరుకు ముందే చెప్పండి.

ఇప్పుడు చాలామంది చేతులెత్తేసే చోటికి వద్దాం. గోలీ మొదలుపెట్టిన కొన్ని వారాల్లో మళ్లీ దాడి రావచ్చు. అంకె దిగుతుంటే పాత సూదులు కరిగి కదులుతాయి, కదిలినవి కలవరం రేపుతాయి. మామకు రెండో నెలలో మోకాలు వాచింది. "ఈ గోలీయే తెచ్చింది" అని విసిరికొట్టాడు. నిజానికి అది గోలీ పని చేస్తోందనడానికి గుర్తు. అందుకనే మొదటి మూడు నుంచి ఆరు నెలలు తక్కువ మోతాదు కాల్చిసినో, కొద్దిపాటి స్టెరాయిడో అండగా ఇస్తారు. దాడి వచ్చినా అల్లోప్యూరినాల్ ఆపకూడదు. అత్తమ్మ ఆ గోలీలు ఏరి, డబ్బాలో పెట్టి, రాత్రి అన్నం కంచం పక్కన ఒకటి పెట్టడం మొదలుపెట్టింది. బతిమాలలేదు, గొడవపడలేదు. నలభై రోజులకు అది అలవాటైంది. నొప్పి లేని రోజున గోలీ వేసుకోవడం మనిషికి కష్టం, ఎందుకంటే ఫలితం కళ్లకు కనపడదు. అందుకని కనపడేలా చెయ్యాలి. మేము గోడమీద క్యాలెండరు పక్కన ఒక కాగితం అంటించి ప్రతి పరీక్ష తేదీ, యూరిక్ యాసిడ్, క్రియాటినిన్, పొటాషియం రాశాం. 9.4, 8.1, 7.2, 6.3. పెద్దమనిషికి ఆ దిగుతున్న వరుస మేము చెప్పిన మాటలన్నిటికంటే బలంగా పనిచేసింది.

తిండి విషయం సికింద్రాబాద్‌లో ఉన్నవాళ్లకు విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ పండగ అంటే పొయ్యిమీద పెద్ద డేగిశా. ముందు పప్పును విడుదల చేద్దాం. "యూరిక్ యాసిడ్, పప్పు మానెయ్" అనే సలహా ప్రతి ఇంట్లో వినిపిస్తుంది. 47,150 మంది మగవాళ్లను 12 ఏళ్లు గమనించి 2004లో ప్రచురించిన అమెరికా అధ్యయనంలో మాంసం, సముద్రపు చేపలు, రొయ్యల వంటివి ఎక్కువ తిన్నవాళ్లకు గౌట్ ఎక్కువొచ్చింది. ప్యూరిన్లు ఎక్కువున్న కూరగాయలు తిన్నవాళ్లకు అలా ఎక్కువ రాలేదు. పాలు, పెరుగు తీసుకున్నవాళ్లకు తగ్గింది కూడా. కాబట్టి కందిపప్పుకు, పాలకూరకు గౌట్ పేరుతో శిక్ష వెయ్యొద్దు. కిడ్నీ కోసం రోజుకు ఎంత ప్రొటీన్ అన్నది డైటీషియన్ చెబుతారు. ఆ కొలతలో పప్పు ఉంటుంది, పెరుగు కూడా ఉంటుంది, ఫాస్ఫరస్ అంకెను బట్టి.

తగ్గించుకోవాల్సినవి స్పష్టంగా ఉన్నాయి. బోటి, లివరు, కిడ్నీ, భేజా. రంజాన్ నెలలో హలీం గిన్నెడు తినడం, పొద్దున పాయా, నహారీ. ఎండుచేపలు, ఎండురొయ్యలు. యాట కూర పూర్తిగా మానమని మామకు డాక్టరు చెప్పలేదు. నెలకు రెండుసార్లు, రెండు మూడు ముక్కలు, పులుసు పక్కకు పెట్టి, అన్నారు. పులుసులోకి ప్యూరిన్లు దిగుతాయి కాబట్టి అది మంచి సలహా. బీరును మాత్రం అన్నిటికంటే ముందు మానాలి. సారా, విస్కీ కూడా యూరిక్ యాసిడ్‌ను పెంచుతాయి. కూల్‌డ్రింకులు, సీసాల్లో వచ్చే తీపి పండ్లరసాలు కూడా, వాటిలోని ఫ్రక్టోజ్ వల్ల. పండగ పూట మాంసం, మద్యం, ఎండలో తిరుగుడు, తక్కువ నీళ్లు అన్నీ ఒకే రోజున కలుస్తాయి. మా మామకు ఆ సోమవారం రాత్రి ఊరికే రాలేదు.

ఇక్కడే గౌట్ సలహా, కిడ్నీ సలహా ఒకదానికొకటి ఎదురొస్తాయి. "రోజుకు నాలుగు లీటర్ల నీళ్లు తాగు, కొబ్బరిబొండాలు తాగు, యూరిక్ యాసిడ్ కొట్టుకుపోతుంది" అంటారు. కిడ్నీ బాగున్నవాడికి నీళ్లు మంచివే. కాళ్లకు నీరు దిగేవాడికి, మూత్రం తగ్గినవాడికి ఆ నీళ్లే ఊపిరితిత్తుల్లోకి చేరతాయి. రోజుకు ఎంత అన్నది మీ డాక్టరు చెప్పిన కొలతే. కొబ్బరినీళ్లలో పొటాషియం చాలా ఎక్కువ. అది పెరిగితే గుండె లయ తప్పుతుంది. బీపీకి మంచిదని సూపర్‌మార్కెట్లో దొరికే తక్కువ సోడియం ఉప్పులోనూ సోడియం బదులు కలిపేది పొటాషియమే. మూత్రం మంటకు షాపులో ఇచ్చే కొన్ని సిరప్‌లలోనూ ఉంటుంది. సీసామీద చదవండి, కళ్లు కనపడకపోతే మనవరాలితో చదివించండి. నాటుమందుల విషయంలో కూడా ఇంతే కచ్చితంగా ఉండాలి. కొన్ని భస్మాల్లో, పొడుల్లో సీసం దొరికింది. సీసం కిడ్నీని పాడుచేస్తుంది, గౌట్‌ను కూడా తెస్తుంది. వందల ఏళ్లుగా వైద్యులకు తెలిసిన సంగతి అది.

ఫైలు గురించి కొంచెం కఠినంగానే చెబుతాను. బీపీ డాక్టరు, షుగరు డాక్టరు, కిడ్నీ డాక్టరు, కీళ్ల డాక్టరు ఎవరి చీటీ వాళ్లు రాస్తారు. అన్ని చీటీలూ కలిసేది మీ ఇంట్లోనే. హైడ్రోక్లోరోథయజైడ్, ఫ్రూసెమైడ్ లాంటి నీటి గోలీలు యూరిక్ యాసిడ్‌ను పెంచుతాయి. గుండెకు వేసుకునే చిన్న ఆస్ప్రిన్ కొంత పెంచుతుంది. టీబీకి వాడే పైరజినమైడ్ బాగా పెంచుతుంది. బీపీ మందుల్లో లోసార్టాన్ కొంత దించుతుంది, షుగరుకూ కిడ్నీకీ ఇచ్చే డాపాగ్లిఫ్లోజిన్ కూడా దించుతుంది. వీటిని మీరుగా ఆపడం, మార్చడం వద్దు. ఆస్ప్రిన్ ఆపేస్తే గుండెకు నష్టం, టీబీ మందు ఆపితే టీబీ తిరగబెడుతుంది. "ఈ గోలీకి బదులు వేరేది వీలవుతుందా?" అని అడగండి, అంతే.

కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లు ఉంటే ఈ ఒక్క వాక్యం పెద్ద అక్షరాలతో రాసి ఫైలు మొదటి పేజీకి అంటించండి: అజాథయోప్రిన్ వాడుతుంటే అల్లోప్యూరినాల్, ఫెబుక్సోస్టాట్ మొదలుపెట్టకూడదు, మార్పిడి డాక్టరు చెప్పేదాకా. ఈ మందులు అజాథయోప్రిన్‌ను ఒంట్లో విరగనివ్వవు. అది పేరుకుని ఎముక మజ్జను అణిచేస్తుంది, రక్తకణాలు పడిపోతాయి. అజాథయోప్రిన్ కూడా హిచింగ్స్, ఎలియన్‌ల పరిశోధనశాల నుంచి వచ్చిందే. నిమ్స్ కేంద్రంగా 2013లో మొదలైన అవయవదాన పథకం జీవన్‌దాన్ ద్వారా ఎందరికో దాతల కిడ్నీలు అందాయి. ఎవరో కన్నీళ్లతో ఇచ్చిన ఆ కిడ్నీ ఒక కీలునొప్పి చీటీవల్ల ప్రమాదంలో పడకూడదు. డయాలసిస్‌మీద ఉన్నవాళ్ల సంగతి కొంత తేలిక. యంత్రం యూరిక్ యాసిడ్‌ను కూడా తీసేస్తుంది కాబట్టి చాలామందికి దాడులు తగ్గుతాయి. అల్లోప్యూరినాల్ రాసి ఉంటే డయాలసిస్ రోజున అది ముగిశాకే వేసుకోవాలి, లేకపోతే మందు కూడా కొట్టుకుపోతుంది.

ఖర్చు మాట. అల్లోప్యూరినాల్, కాల్చిసిన్, ప్రెడ్నిసలోన్ మూడూ పాత మందులు, చవకైనవి. పెద్ద ఆసుపత్రికి వెళ్లే స్తోమత లేకపోతే ముషీరాబాద్‌లోని గాంధీ ఆసుపత్రిలో కిడ్నీ విభాగం ఉంది. రైల్వేవాళ్లకు లాలాగూడలో సొంత ఆసుపత్రి ఉంది. వరుసలో నిలబడాలి, అవును. పొద్దున్నే వెళ్లండి, పాత రిపోర్టులన్నీ తేదీల వరుసలో పెట్టుకుని వెళ్లండి. డాక్టరుకు దొరికే నాలుగు నిమిషాల్లో మూడు నిమిషాలు కాగితాలు వెతకడానికే పోకుండా ఉంటాయి.

మామ క్రియాటినిన్ నొప్పి గోలీలు ఆపాక 2.3కి దిగి అక్కడ నిలిచింది. 1.8కి తిరిగి రాలేదు. ఆ తేడా మేము కొన్న స్ట్రిప్పుల ధర. యూరిక్ యాసిడ్ 5.6. పద్నాలుగు నెలలుగా ఒక్క కీలూ వాచలేదు. మొన్న పరీక్షకు వెళ్లినప్పుడు "ఇక గోలీ ఆపెయ్యొచ్చా సార్?" అని అడిగాడు. ఆపితే అంకె మళ్లీ పైకెళ్తుందని, సూదులు మళ్లీ పేరుకుంటాయని, అందుకని వేసుకుంటూనే ఉండాలని డాక్టరు గారు ఓపిగ్గా చెప్పారు. మామ తలూపాడు.

గత వారం పార్కులో పొద్దున నడకకు వచ్చే స్నేహితుడొకడు కుంటుతూ వచ్చి బెంచీమీద కూలబడ్డాడు. "నీకు తగ్గింది కదా అన్నా, ఆ గోలీ పేరేంది చెప్పు" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. మామ పేరు చెప్పలేదు. "నీ క్రియాటినిన్ ఎంతుంది?" అని అడిగాడు. ఆయనకు తెలియదు. "షుగరుందా? బీపీ గోలీ ఏం వేస్తున్నవ్?" అని మళ్లీ అడిగి, లేపి, భుజం ఆసరా ఇచ్చి, ముందు రక్తం ఇప్పించడానికి ల్యాబ్ వైపు నడిపించాడు.